వాకిలి యెవరిది?

తెల్లవాఱకముందే లేచి మనము మొట్టమొదట చేయు పని వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుట. ఆ ముగ్గు పడు నేల మనది కాదు. గడపకు లోపలిది మనది, వెలుపలిది వీథి. దస్తావేజులు తిరుగవేసినచో అది పురపాలక సంఘమునకో పంచాయతీకో చెందియుండును. అయినను, నాది కాదు గనుక ఊడ్వనని యే యిల్లాలును చీపురు పాఱవేయదు. సొంత యింటిలో నున్నామెయు ఊడ్చును. అద్దె యింటిలో నున్నామెయు ఊడ్చును. ఈ నెల మేము చెప్పదలచినది యంతయు ఆ నాలుగడుగుల నేలలోనే యున్నది. అయితే దానిని చెప్పుటకు మొదట సముద్రము దాటి పోవలసి యున్నది.

మావారు ఉపాధ్యాయులగుటచే పదునైదేండ్ల కాపురములో మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో నాలుగైదూళ్ళు తిరిగితిమి. ఏ యూర చూచినను ఒకటే మాట: "మాస్టారూ, మావాడు అమెరికాలో నున్నాడు." పొలము తెగనమ్మి కొందఱు, బ్యాంకిలో అప్పు తెచ్చి కొందఱు తమ పిల్లలను పంపిరి. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కదలు వేళ ఆ పిల్లలు సెలవు పెట్టుకొని వచ్చి, పాత మాస్టారిని వెదకికొని నమస్కరించి పోవుదురు. వారి జీతమును గూర్చి ఊరంతయు అడుగును. కారును గూర్చి, కొన్న యింటిని గూర్చి అడుగును. "మీ వీథివారెటువంటివారు? మీరున్న యూరికి మీరేమి చేయుచున్నారు?" అని అడిగినవారిని మేము చూడలేదు. మేమును అడుగలేదు.

అట్లుండగా టెక్సాసు రాష్ట్రములో కాపురమున్న మా మేనకోడలు ఉత్తరమంత సందేశమొకటి ఫోనులో పంపినది. ఆమె ఎం.టెక్. చదివినది. భర్త సాఫ్ట్‌వేరు ఇంజనీరు. రెండవ తరగతి చదువు కూతురున్నది. ఆమె వ్రాసినదిది:

"అత్తయ్యా, మా పిల్ల బడి యెదుట పెద్ద రోడ్డున్నది. ప్రొద్దుట పిల్లలను దాటించుటకు ఒక మనిషి యుండెడివాడు. ఈ యేడు తీసివేసిరి. కార్లు ఆగుట లేదు. కొందఱు తల్లులు స్కూలు బోర్డు సమావేశములో మాటాడుటకు పేర్లు వ్రాయించుకొనుచు నన్నును రమ్మనుచున్నారు. మేము ఈ దేశపు పౌరులము కాము గదా! మాటాడవచ్చునా? మాటాడినచో వీసాకు చిక్కు రాదు గదా? ఆయన వద్దనుచున్నారు. మీరేమందురు?"

మేము ఆలోచింపకయే ప్రత్యుత్తరమిచ్చితిమి. "తల్లీ, పరాయి దేశములో మనకెందుకు? తల వంచుకొని పోయి తల వంచుకొని రమ్ము. నీ పిల్ల చేయి నీవు పట్టుకొని దాటించుకొనుము, చాలును" అని వ్రాసితిమి. వ్రాసినది మావారికి చూపితిమి. ఆయన కండ్లజోడు తీసి, "బడిలో పిల్లలకు పౌరశాస్త్రము చెప్పుటకు నేనున్నాను, ఇంట దానిని చెఱచుటకు నీవున్నావు" అనిరి. మాకు కోపము వచ్చినది. కోపము చల్లారిన పిదప నిద్ర పట్టలేదు.

మా మేనకోడలి భయము ఊరక పుట్టినది కాదు. దానిని తెలిసికొనుటకు కొంత పూర్వకథ వినవలయును. 1923లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము, ఆ దేశపు సైన్యములో పనిచేసిన భగత్‌సింగ్ థింద్ అను పంజాబు యువకుని వ్యాజ్యములో, భారతీయులకు పౌరసత్వార్హత లేదని తీర్పు చెప్పినది. 1946 చట్టముచే ఆ నిషేధము తొలగినను ఏడాదికి నూఱుగురు భారతీయులకే ప్రవేశము. 1965 నాటి చట్టము పుట్టిన దేశమును బట్టి తూచు పాత పద్ధతిని త్రోసివేసి, బంధుత్వమునకును విద్యకును విలువ కట్టినది. ఆ తెఱచిన తలుపున మొదట పోయినవారు మన వైద్యులు, ఇంజనీరులు. 1977లో న్యూయార్కులో మొదటి తెలుగు మహాసభ జరుపుకొని తానా సంఘమునకు పునాది వేసికొన్నది వారే.

1990 చట్టముతో హెచ్-1బి యను వీసా వచ్చినది. ప్రత్యేక విద్య యవసరమగు ఉద్యోగములకు ఏడాదికి 65,000 మందిని, అక్కడ పై చదువు చదివినవారిని మఱి 20,000 మందిని ఈ వీసాపై తీసికొనవచ్చును. మొదట మూడేండ్లు, పొడిగించినచో సాధారణముగా ఆఱేండ్లు. ఉద్యోగము పోయినచో కొత్తది వెదకికొనుటకు అరువది దినములకు మించి గడువు లేదు. స్థిరనివాసపు హక్కునిచ్చు గ్రీన్ కార్డులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడు పాళ్ళకు మించి యియ్యరాదను నియమముండుటచే మనవారి వరుస పదులయేండ్లు సాగుచున్నది. తల్లిదండ్రుల వరుస రాకమునుపే పిల్లకు ఇరువదియొక్క యేండ్లు నిండినచో ఆ పిల్ల తల్లిదండ్రుల వీసా నీడ నుండి తప్పుకొనవలసినదే. ఇన్ని కష్టములున్నను 2010 నుండి 2017 వఱకు ఏడేండ్లలో ఆ దేశములో ఇంట తెలుగు మాటాడువారి సంఖ్య నూటికి 86 వంతున పెరిగి నాలుగు లక్షలు దాటినది.

ఇక భార్యల సంగతి. హెచ్-4 యను వీసాపై పోయిన భార్యకు చాల కాలము ఉద్యోగము చేయు హక్కే లేదు. ఎంత చదివినను, పట్టాలు పెట్టెలో నుంచి వంటయింటికే పరిమితము కావలసి యుండెను. 2015 మే నెల నుండి, భర్త గ్రీన్ కార్డు ప్రయత్నము కొంత దూరము నడచిన వారికి పనిచేయు అనుమతి నిచ్చుచున్నారు. ఆ నియమము చెల్లదని వేసిన వ్యాజ్యమును 2025 అక్టోబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానము విచారణకు స్వీకరింపలేదు. అమ్మయ్య యనుకొనునంతలోనే, అదే నెల చివర, పాత అనుమతి గడువు తీఱినను కొత్తది వచ్చువఱకు దానంతటదియే పొడిగింపబడు సౌకర్యమును ప్రభుత్వము తీసివేసినది. అంతకు ముందు నెలలోనే కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన వెలువడినది. ఇట్టి గాలివానలో నున్న పిల్ల "మాటాడవచ్చునా?" అని అడుగుట పిఱికితనము కాదు.

ఇంకొక సంగతి తలచిన నేటికిని గుండె బరువెక్కును. 2017 ఫిబ్రవరి 22వ తేదీని కాన్సాసు రాష్ట్రపు ఒలేథా పట్టణములో కూచిభొట్ల శ్రీనివాస్ అను మన హైదరాబాదు ఇంజనీరు, తన మిత్రునితో కూర్చుండియుండగా, "నా దేశము నుండి పొండు" అని యఱచిన యొకని తుపాకికి బలియయ్యెను. అడ్డు వెళ్ళి గుండు దెబ్బ తిన్నవాడు ఇయన్ గ్రిలట్ అను స్థానికుడే. భర్తతోపాటు ఆయన భార్య సునయన దుమాల గారికి అక్కడ నివసించు హక్కును పోయెను. ఆమె అనుమతి భర్త వీసాకు కట్టబడియుండెను గదా! అంత్యక్రియలకు స్వదేశము వచ్చిన యామె మరల పోగలుగుట ఆ రాష్ట్రపు ప్రతినిధి యొకరి సహాయమువలన. పోయి యామె యేమి చేసెను? ఆ యూరు విడువలేదు. వలసవచ్చిన వారును స్థానికులును ఒకరి నొకరు ఎఱుగవలయునని "ఫరెవర్ వెల్కమ్" అను ప్రయత్నమును ఆరంభించెను. తల వంచుకొని యుండవలసిన హేతువు ఆమెకంటె ఎవ్వరికెక్కువ? ఆమె తల యెత్తెను.

"పని కోసము పోయితిమి, పని చక్కగా చేయుచున్నాము, పన్ను కట్టుచున్నాము, ఇంక మాకేమి ఋణము?" అని కొందఱు యువకులు మాతో వాదించిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. కాని నైపుణ్యము జీతము తెచ్చునే గాని ఇరుగుపొరుగు తేదు. అక్కడి తెలుగు సంఘములు ఉగాదిని ఘనముగా చేయుచున్నవి. స్వగ్రామములలో బడులకు, ఆసుపత్రులకు సాయము చేయుచున్నవి. ఇది మెచ్చదగినదే. అయితే పుట్టింటికి సారె పంపుచు మెట్టినింటి వాకిలి యూడ్వని కోడలిని మనమేమందుము?

మెట్టినింటి వాకిలి యూడ్చినవారును ఉన్నారు. 1964లో హైదరాబాదున పుట్టి, ఏడేండ్ల వయసున అమెరికా పోయిన అరుణా మిల్లరు గారు సివిల్ ఇంజనీరై, మేరీలాండు రాష్ట్రపు మాంట్‌గోమరీ కౌంటీలో ఇరువదియైదేండ్లు రోడ్లు, రాకపోకల పని చేసిరి. 2000లో పౌరసత్వము పొందిరి. 2010లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. 2023 జనవరిలో లెఫ్టినెంటు గవర్నరుగా ప్రమాణము చేసిరి. వరంగల్లులో ఇంజనీరింగు చదివిన పద్మా కుప్ప గారు మిషిగను రాష్ట్రపు ట్రాయ్ పట్టణములో వివిధ మతములవారిని ఒకచోట కూర్చుండబెట్టు సంఘములో పాటుపడి, 2018లో ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. వీరిరువురును మొదట పదవి నెక్కి పిదప ఊరిని చూచినవారు కారు. ఊరిని చూచి చూచి పదవికి చేరినవారు. అందఱును అంతవారు కానక్కఱలేదు. కాని దారి యెటనుండి మొదలగునో వీరివలన తెలియుచున్నది.

"ఓటు లేనివారికి మాట యెక్కడిది?" అని మీరడుగవచ్చును. దానికి మన పలనాడే బదులు చెప్పును. 1921, 22 సంవత్సరములలో అడవిలో పశువుల మేపునకు విధించిన పుల్లరిని కట్టమని ఎదిరించిన రైతులలో ఎందఱికి ఓటుండెను? ఆనాడు ఓటు ఆస్తిగలవారి సొత్తు. వయోజనులందఱకును ఓటు వచ్చి మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినది 1951, 52లలో. అయినను మించాలపాడు కన్నెగంటి హనుమంతు "నాకు ఓటు వచ్చిన పిదప మాటాడెద" ననుకొనలేదు. 1922లో ప్రాణమే యిచ్చెను.

"వలసవచ్చిన దానికి ఊరి పెత్తనమేల?" అనువారికిని మన నేలయే సమాధానము. పలనాటి వీరుల కథలో గురజాల కొలువున మంత్రిత్వము నెఱపిన నాయకురాలు నాగమ్మ ఎక్కడిది? కరీంనగరు ప్రాంతపు ఆరవెల్లి నుండి తండ్రితో జిట్టగామాలపాడు చేరిన ఆడపడుచని కథ. ఆమె నీతిని గూర్చి నేటికిని మన యరుగుల మీద వాదములు తెగవు. మేమును ఆ వాదములోనికి దిగము. కాని పరాయిప్రాంతము నుండి వచ్చిన యాడుది రాజ్యకార్యము నెఱపిన గడ్డ మనది. అటువంటి గడ్డ మీద పుట్టి మేము మా మేనకోడలికి "మనకెందుకు?" అని వ్రాసితిమి!

ఇంతకును మాకు నిద్ర పట్టని కారణము వేఱొకటి కలదు. దానిని ఇంతవఱకు ఎవ్వరికిని చెప్పలేదు. పేరు చెప్పని యొక యూర మేము అద్దెకున్న యింటికి నాలుగిండ్లవతల బడి. బడికి పోవు దారిలో మురుగుకాలువపై బండ విఱిగి సందు పడియుండెను. రోజును ముగ్గు పెట్టి లేచునపుడు ఆ విఱిగిన బండ మా కంటబడుచునే యుండెను. ఒక అర్జీ వ్రాసి యిచ్చిన బాగుండునని యనుకొంటిమి. ఇంట తండ్రిగారి యొద్ద కావ్యములు చదివిన వారము. నాలుగు వాక్యముల అర్జీ వ్రాయలేనివారము కాము. కాని, "మనము బదిలీలవారము, వచ్చు వేసవికి పెట్టే బేడా సర్దుకొని పోవువారము, ఊరివారికే లేని బాధ మనకేల?" అని యూరకుంటిమి. వానలు వచ్చినవి. కాలువయు దారియు ఏకమైన యొక ప్రొద్దుట బడికి పోవుచున్న యొక చిన్న పిల్ల ఆ సందులో పడి చేయి విఱుగగొట్టుకొన్నది. మూడవ నాడే కొత్త బండ వేసిరి. ఒక బండ వెల యెంత? ఒక కాగితపు వెల యెంత? ఆ పిల్ల చేతి కట్టు విప్పువఱకు మేము ఆమె తల్లి ముఖము నిదానించి చూడలేకపోతిమి. మా సంగతి ఆ తల్లికి తెలియదు. మాకు తెలియును.

మఱునాడు మేనకోడలికి రెండవ ఉత్తరము వ్రాసితిమి. వ్రాయకముందు మావారును మేమును కూర్చుండి నియమములు చదివితిమి. మీ పిల్లలును అక్కడ నుండవచ్చును గనుక ఆ ఉత్తరపు సారాంశమును ఇచ్చట తెలుపుచున్నాము.

"తల్లీ, మేము మొదట వ్రాసినది తప్పు. ఓటు పౌరులకే; దాని జోలికి పోకుము. డ్రైవింగు లైసెన్సు వంటి కాగితములలో ఓటరుగా చేరుదువా యని యడుగు గడి యుండును. చదువక టిక్కు పెట్టకుము. పౌరులము కాకుండ పౌరులమని చెప్పికొనుట దేశము వెడలగొట్టునంతటి దోషము. గ్రీన్ కార్డు లేనివారు ఎన్నికల అభ్యర్థులకు చందా యిచ్చుట నిషిద్ధము, ఎవరడిగినను ఇయ్యకుము. ఈ రెండును విడిచినచో మిగిలిన వాకిలి విశాలముగానే యున్నది. స్కూలు బోర్డు సమావేశములలో, నగర సభలలో ఊరివారు మాటాడుటకు రెండు మూడు నిమిషములు కేటాయించుట అక్కడి ఆచారము. మీ యూరి నియమమేమో ముందుగా చదువుకొని పేరిమ్ము. బడిలో, గ్రంథాలయములో జీతము లేక సేవ చేయుటకు పని అనుమతి కావలయునన్న చింత లేదు. పదేండ్లకొకసారి జరుగు జనగణనలో పౌరులనే గాక నివసించువారి నందఱను లెక్కింతురు. 2020లో మిమ్మును లెక్కించిరి. ఇంటి పన్నుతో అక్కడి బడులు నడచును. నీవిచ్చు అద్దెలో ఆ పన్నును కలిసియున్నది. అది నీ పిల్ల బడి. నీ భర్త భయము తప్పు కాదు. ఆయనతో కూర్చుండి ఇవి యన్నియు చదువుము. అప్పటికిని సందేహము తీఱనిచో అక్కడి న్యాయవాదిని అడుగుము. పోవునపుడు ఒక్కతెవు పోకుము. పదిమంది తల్లులతో పొమ్ము. రోడ్డును గూర్చియే మాటాడుము."

మూడు వారములకు జవాబు వచ్చినది. "అత్తయ్యా, మాటాడితిని. కాగితము పట్టిన చేయి వణకినది. నా ముందు మెక్సికో నుండి వచ్చిన యొక తల్లి, నా వెనుక ఆ యూరనే పుట్టిన యొక తాతగారు మాటాడిరి. బోర్డువారు వ్రాసికొని, ఖర్చు చూచి చెప్పెదమనిరి. ఇంతవఱకు మనిషిని పెట్టలేదు. అందుచేత బడివారి అనుమతితో మేమే వంతులు వేసికొంటిమి. మంగళవారము, గురువారము నా వంతు. పసుపుపచ్చని చొక్కా తొడుగుకొని రోడ్డు నడుమ నిలుచుచున్నాను. మొన్న గురువారము మీ అల్లుడును వచ్చి నిలిచినారు. నా పని అనుమతి కాగితము ఇంకను రాలేదు. వచ్చునో రాదో తెలియదు. కాని ఇప్పుడు ఆ వీథిలో పదుమూడు ఇండ్లవారు నన్ను పేరు పెట్టి పిలుచుచున్నారు."

కాగితము రాదేమో యను దిగులు మాకును ఉన్నది. పసుపు చొక్కా ఆ దిగులును తీర్పలేదు; తీర్చునని మేము చెప్పము. చట్టము చేయువారు ఆమె నెఱుగరు. కాని ఆ పదుమూడిండ్లవారు ఎఱుగుదురు. ఒలేథాలో తుపాకికి అడ్డు వెళ్ళిన వాని వంటివారు చట్టములలో పుట్టరు, వీథులలో పుట్టుదురు.

సోదరీమణులారా, దూరదేశపు కథ చెప్పి మిమ్ము విడుచుట మా యుద్దేశము కాదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపు బడులలోని యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలయును. మన బడులలో ఆ సగము కుర్చీలు నిండుచున్నవా? నిండినచోట వారు మాటాడుచున్నారా, లేక సంతకము పెట్టి పోవుచున్నారా? మన పిల్లలు అమెరికా వీథిలో తల వంచుకొని నడచుచున్నారన్న, ఆ వంగుట ఇక్కడ మన యింటనే నేర్చినది గదా! "చదువుకో, సంపాదించు, ఇతరుల గొడవ మనకెందుకు" అని పాలతో పోసినది మనమే.

మా వీథి చివర దీపము రెండు నెలలుగా వెలుగుట లేదు. మేమీ యూరికి వచ్చి రెండవ యేడు. మరల బదిలీ రావచ్చును. నిన్న నాలుగు వాక్యముల అర్జీ వ్రాసి, ఎదురింటివారితోను ప్రక్కింటివారితోను సంతకములు చేయించి యిచ్చి వచ్చితిమి. మీరును రేపు ప్రొద్దుట ముగ్గు పెట్టి లేచునపుడు ఒక్కమాఱు తల యెత్తి వీథి ఆవలి కొస వఱకు చూడుడు.